గుడారంలో రెండోవాడు ఎవరు?



మీరు ఎప్పుడైనా ఒక రాత్రంతా ఒంటరిగా గడిపారా? ఇంట్లోవాళ్ళు ఊరెళ్ళినప్పుడు టీవీ పెట్టుకుని పడుకోవడం గురించి కాదు అడుగుతున్నది. ఫోను మోగని చోట, మీ పేరు పిలిచేవాళ్ళు లేని చోట, మీతో మీరు ఉన్నారా?

నాకు నలభై దాటేదాకా అలాంటి రాత్రి ఒక్కటి కూడా లేదు. బీఏ చదివినన్నాళ్ళూ హాస్టలు, ఆ తర్వాత సంఘం, సభలు, ధర్నాలు, కోర్టు వాయిదాలు. ఏ ఊరెళ్ళినా వెంట పదిమంది. ఏకాంతం గురించి ఉపన్యాసాలు ఇచ్చాను గానీ, ఏకాంతంలో ఉన్నది లేదు.

మా చెల్లెలు అమెరికాలో, వర్జీనియాలో ఉంటుంది. రెండు నెలలు ఉండి వద్దామని వెళ్ళాను. అందరం కలిసి కొండల్లో టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉందామనుకున్నాం. తీరా బయల్దేరే రోజు మేనల్లుడికి జ్వరం. "టెంటు కొన్నాం కదా, నువ్వైనా వెళ్ళిరా అన్నయ్యా" అంది చెల్లెలు. కారు తీసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. ఆ రెండు రాత్రుల్లో నేను నేర్చుకున్నదే ఈ పాఠం.

1. ఆ చోటు

బ్లూ రిడ్జ్ కొండల మీద షెనాండోవా నేషనల్ పార్కు ఉంది. కొండల వెన్ను మీదుగా స్కైలైన్ డ్రైవ్ అనే 105 మైళ్ళ రోడ్డు పోతుంది. గంటకు 35 మైళ్ళు దాటకూడదు. 57వ మైలు దాటాక లూయిస్ మౌంటెన్ క్యాంప్‌గ్రౌండ్ వస్తుంది. ఆ పార్కులోని క్యాంప్‌గ్రౌండ్లలో ఇదే చిన్నది. చెట్ల కింద ముప్పై చోట్లు, ఒక్కోచోట చెక్కబల్ల, నిప్పు రాజేసుకునే ఇనప పొయ్యి, టెంటుకు చదునైన నేల. మన తిరునాళ్ళకు వెళ్ళినవాళ్ళు మామిడితోపులో బండ్లు విప్పి, వండుకుని, అక్కడే పడుకుంటారే, అలాంటిదే అనుకోండి.

తోపు నిండా కుటుంబాలే. పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, తండ్రులు పుల్లలు పేరుస్తున్నారు. మధ్యలో నా ఒక్కడి టెంటు. పక్కచోటు ముసలావిడ చెయ్యూపి, "మీవాళ్ళు ఎప్పుడొస్తారు?" అని అడిగింది. "నేనొక్కణ్ణే" అన్నాను. ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా వచ్చింది నా గొంతు. ఆవిడేమీ అనుకోలేదు. అనుకున్నది నేనే.

ఈ చోటు గురించి మీకు ఇంకొక సంగతి చెప్పాలి. 1939లో దీన్ని నల్లజాతివారి కోసమని విడిగా తెరిచారు. అప్పట్లో వర్జీనియాలో వేరుచేయడమే చట్టం. పార్కులో తెల్లవారికి వేరే చోట్లు, నల్లవారికి లూయిస్ మౌంటెన్. 1950 నాటికి ఆ విభజన పూర్తిగా పోయింది. ఇప్పుడు అక్కడ ఎవరైనా దిగవచ్చు. నేను టెంటు మేకులు దిగ్గొట్టిన నేల ఒకప్పుడు కొండ మీది వెలివాడ అన్నమాట.

2. వెలి వేరు, ఏకాంతం వేరు

ఇక్కడ మనవాళ్ళకు ఒక న్యాయమైన అనుమానం వస్తుంది. "ఊరు మమ్మల్ని తరతరాలుగా దూరంగానే ఉంచింది కదా. ఇప్పుడు ధమ్మం కూడా ఒంటరిగా ఉండమంటుందా? ఒంటరితనం మాకు కొత్తా?" మా ఊరి సంఘంలో ఒక పెద్దమ్మ నన్ను సూటిగా అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

1917లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఉద్యోగం కోసం బరోడా వెళ్ళారు. విదేశాల్లో చదివి వచ్చిన మనిషికి ఆ నగరంలో తల దాచుకునే చోటు దొరకలేదు. చివరికి ఒక పారశీ సత్రంలో పారశీ పేరు పెట్టుకుని దిగారు. మేడ మీద పెద్ద హాలు, అందులో ఆయన ఒక్కరే. చీకటిని, భయాన్ని మరిచిపోవడానికి పుస్తకాలు చదువుకున్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని కొందరు వచ్చి వెళ్ళగొట్టారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు.

అది వెలి. ఎదుటివాడు మనల్ని నెట్టేస్తే వచ్చేది. దానికి ధ్యానం మందు కాదు. పోరాటమే మందు. అలాంటి ఒంటరితనాన్ని ఏకాంతమని ఎవరైనా పొగిడితే నమ్మకండి.

మరి ఏకాంతమంటే ఏమిటి? అది నాకు రెండో సాయంత్రం తెలిసింది.

3. పక్క టెంటువాళ్ళు

రెండో రోజు శుక్రవారం. సాయంత్రానికి చోట్లన్నీ నిండిపోయాయి. నా పక్కన ఒక తెలుగు కుటుంబం దిగింది. భార్యాభర్తలు, పదేళ్ళ పాప. నేను మనవాణ్ణని తెలిసి ఆవిడ ఎంత సంతోషపడిందో! "ఒక్కరే ఏం తింటారు, రండి అన్నయ్యగారూ" అని పేపరు పళ్ళెంలో పులిహోర పెట్టి, గడ్డపెరుగు వేసింది. రెండు రోజులుగా బ్రెడ్డు తింటున్నవాణ్ణి, కళ్ళు చెమర్చాయి.

భర్త కబుర్లు మొదలెట్టాడు. "ఏ జిల్లా అండీ?" చెప్పాను. "ఏ ఊరు?" చెప్పాను. "ఇంటిపేరేంటి?" చెప్పాను. దాంతో ఆయనకు తేలలేదు. "ఊళ్ళో ఎటువైపండీ?"

ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. "పల్లె వైపు" అన్నాను. "ఓ, అలాగా" అన్నాడు. తర్వాత మాట వాతావరణం మీదికి పోయింది. పళ్ళెంలో పులిహోర ఇంకా ఉంది. గొంతు దిగలేదు. మంచినీళ్ళు తాగి నా టెంటుకు వచ్చేశాను.

4. ఆ రాత్రి

అక్కడ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు. పది కాగానే తోపంతా సద్దుమణిగింది. నేను టెంటులో పడుకుని ఆయనకు జవాబులు చెబుతున్నాను. "మీ ఊళ్ళో మీరు ఎటువైపండీ అని నేనడిగితే?" అని ఒకటి. అంతకంటే పదునైంది ఇంకొకటి. ఇరవై ఏళ్ళ కిందటి అవమానం ఒకటి గుర్తొచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆ చిన్న గుడ్డ గుడారంలో ఓ పెద్ద సభే జరుగుతోంది.

ఆ పార్కులో నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. తిండి, చెత్త, సబ్బు, టూత్‌పేస్టు, ఏ వాసన వచ్చే వస్తువైనా సరే రాత్రిపూట కారులో పెట్టి తాళం వేయాలి. ఆ దంపతులు పులిహోర డబ్బా, పెరుగు, పళ్ళు బల్ల మీదే వదిలేసి పడుకున్నారు. వచ్చేటప్పుడే చూశాను. చెప్పలేదు. "వస్తే వచ్చింది, తెలిసొస్తుంది" అనుకున్నాను.

ఆ మాట మనసులో కదిలినప్పుడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. ఆ టెంటులో పదేళ్ళ పాప ఉంది. నాకు అన్నం పెట్టిన చెల్లి ఉంది. నేను ఎలుగుబంటి కోసం ఎదురుచూస్తున్నాను!

అప్పుడు మిగజాలుడు గుర్తొచ్చాడు. సంయుత్త నికాయంలో ఆయన బుద్ధుణ్ణి అడుగుతాడు, ఏకవిహారి అంటే ఎవరు, తోడుతో ఉండేవాడు అంటే ఎవరు అని. బుద్ధుడు చెప్పినదాని సారం ఇది: ఇంపైనదాన్ని పట్టుకుని వేలాడేవాడు దట్టమైన అడవిలో ఉన్నా ఒంటరివాడు కాదు. తణ్హ, అంటే తృష్ణ, వాడికి రెండోదిగా తోడుంది. ఆ తృష్ణ వదిలినవాడు భిక్ఖువులు, ఉపాసకులు, రాజులు, మంత్రులు కిక్కిరిసిన చోట ఉన్నా ఏకవిహారే.

నా టెంటులో రెండోవాడు దొరికాడు. వాడు ఆ పక్కటెంటు మనిషి కాదు. ఆయన హాయిగా గురక పెడుతున్నాడు. "నన్ను గౌరవించాలి, ఇప్పుడే, వాడే గౌరవించాలి" అని నాలో గోల పెడుతున్న దాహమే ఆ రెండోవాడు. గౌరవం నా హక్కు. దాన్ని వదులుకోమని ధమ్మం చెప్పదు. కానీ ఆ మనిషి ఇచ్చేదాకా నాకు నిద్ర పట్టదంటే, నా నిద్ర తాళంచెవి వాడి చేతిలో పెట్టినట్టే కదా.

టార్చి తీసుకుని వెళ్ళి టెంటు దగ్గర మెల్లగా పిలిచాను. "ఏమండీ, తిండి బయట వదిలేశారు. ఎలుగులు తిరుగుతాయి, కారులో పెట్టండి." ఆయన కంగారుగా లేచి వచ్చాడు. ఇద్దరం చప్పుడు కాకుండా డబ్బాలు సర్దాం. "థాంక్స్ అన్నా" అన్నాడు.

మజ్ఝిమ నికాయంలో అనురుద్ధుడు, నందియుడు, కిమ్బిలుడు గోసింగ సాలవనంలో ఉన్న తీరు చదవండి. ఎవరి సాధన వారిది. కానీ నీళ్ళకుండ ఖాళీ అయినట్టు ఎవరు చూస్తే వారు నింపుతారు. ఒక్కరి వల్ల కాకపోతే చేతి సైగతో ఇంకొకరిని పిలుస్తారు, మౌనం చెదరనివ్వరు. పాలూ నీళ్ళలా ఉన్నారట. ఏకాంతమంటే పక్కవాడి కుండ చూడకపోవడం కాదన్నమాట.

టెంటుకు తిరిగొచ్చి పడుకున్నాను. ఆ రాత్రి మొదటిసారి ఒక్కణ్ణే ఉన్నాను. నిద్ర పట్టింది.

కథ ఇక్కడితో అయిపోతే అబద్ధం చెప్పినట్టే. పొద్దున్నే ఆయన టీ తెచ్చాడు. తాగుతూ చెప్పాను: "నిన్న ఎటువైపని అడిగారు. ఎందుకు అడిగారో నాకు తెలుసు. అది తప్పండీ." కోపంగా చెప్పలేదు, నవ్వుతూ కూడా చెప్పలేదు. ఆయన తల దించుకున్నాడు. పాప అడిగింది, "నాన్నా, ఎటువైపు అంటే ఏంటి?" ఆయన ఏమీ మాట్లాడలేదు. నేనూ చెప్పలేదు. ఆ జవాబు చెప్పాల్సింది ఆయనే.

రాత్రే చెప్పి ఉంటే ఆ మాట నా దాహం తీర్చడానికి చెప్పినదయ్యేది. పొద్దున చెప్పినది ఆ పాప కోసం.

5. మీరూ వెళ్ళాలనుకుంటే

అమెరికా వెళ్ళనక్కర్లేదు. అనంతగిరి కొండల్లో గానీ, అరకులో గానీ టెంట్లు వేసుకునే చోట్లు ఉన్నాయి. మొదటిసారికి అడవి లోపలికి పోకండి. కుటుంబాలు దిగే చోటికే వెళ్ళండి. భద్రత ఉంటుంది, పరీక్షా ఉంటుంది.

- ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్ళండి. కొండల్లో సిగ్నల్ ఉండదు. ఆడవాళ్ళు మొదటిసారి వెళ్తే కాపలా, వెలుతురు ఉన్న చోటు ఎంచుకోండి. అది పిరికితనం కాదు.
- వెలుతురుండగానే టెంటు వేయండి. పల్లంలో వద్దు, వాన పడితే నీళ్ళు చేరతాయి. ఎండుకొమ్మల కింద వద్దు.
- పక్కవాళ్ళను ముందుగా మీరే పలకరించండి. ఒంటరి మనిషిని చూస్తే పిల్లలున్నవాళ్ళకు కాస్త బెరుకు సహజం. అది మీమీద నింద కాదు. అడ్డదారి కోసం వాళ్ళ చోటు మధ్య నుంచి నడవకండి.
- తిండి దాచండి, పొయ్యిలో నిప్పు నీళ్ళు పోసి ఆర్పండి, ఆ తర్వాతే పడుకోండి.
- పడుకునే ముందు పది నిమిషాలు శ్వాస మీద ఎరుకతో కూర్చోండి. ఎవరెవరు టెంటులోకి వస్తున్నారో గమనించండి. తరమకండి, మర్యాదలు చేయకండి. "వీడొచ్చాడు" అని గుర్తిస్తే చాలు.

6. వచ్చే సమావేశంలో మాట్లాడుకుందాం

1. మీ జీవితంలో వెలి ఏది, ఏకాంతం ఏది? రెండిటినీ విడదీసి చెప్పగలరా?
2. మీరు ఒంటరిగా ఉన్నప్పుడు మీతో వచ్చే రెండోవాడి పేరేమిటి? భయమా, కోపమా, మెప్పు మీద ఆశా?
3. అన్యాయం చేసినవాడికి ఆపద వస్తుంటే మీకు తెలిసింది. ఏం చేస్తారు? ఆ తర్వాత, అన్యాయం గురించి అతనితో ఎప్పుడు, ఎలా మాట్లాడతారు?

మూడో ప్రశ్నను తొందరపడి దాటేయకండి. మా ఊరి పెద్దమ్మకు నేను ఇవ్వలేకపోయిన జవాబు అందులోనే ఉంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆవిడకు చెప్పాలి.