మైన్‌క్రాఫ్ట్‌లో ఊరు కట్టాలంటే: అవనిగడ్డలో మూడుసార్లు ఓడిపోయి మేం నేర్చుకున్న పాఠాలు

సర్వైవల్ మోడ్‌లో ఒక్కరే బతకడం పెద్ద కష్టం కాదు ఫ్రెండ్స్. నాలుగు చెట్లు నరికి, కొండకు చిన్న గుహ తవ్వుకుని, తలుపు పెట్టుకుంటే రాత్రి గడిచిపోతుంది. అసలు కష్టం ఊరు కట్టడం దగ్గర మొదలవుతుంది. మన ప్రాణం ఒక్కటే కాదు, పది మంది విలేజర్ల ప్రాణాలు కూడా చూసుకోవాలి. వాళ్ళకి కత్తి పట్టడం రాదు, రాత్రి తలుపు వేసుకుని గడియ పెట్టుకోవడం కూడా తెలీదు.

పోయిన సెలవుల్లో నేను, మా పిన్ని కొడుకు కలిసి అవనిగడ్డలో అమ్మమ్మగారింట్లో కూర్చుని ఫోన్‌లో ఒక ఊరు కట్టాలనుకున్నాం. మూడుసార్లు పోగొట్టుకున్నాం, నాలుగోసారి నిలబడింది. ఎక్కడెక్కడ తప్పు చేశామో, ఎందుకు అలా జరిగిందో ఈ ఆర్టికల్‌లో వరసగా చూద్దాం. ఇక్కడ చెప్పేదంతా ఫోన్‌లో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్ గురించి, డిఫికల్టీ నార్మల్.

మొదటి ఊరు: ఏటి ఒడ్డున కట్టాం

వరల్డ్ ఓపెన్ కాగానే పెద్ద నది, ఒడ్డున ఇసుక, పక్కనే పచ్చిక కనిపించాయి. "ఇక్కడే కట్టేద్దాం అన్నా, చేపలు కూడా ఉంటాయి" అన్నాడు మా వాడు. నాకూ బాగా నచ్చింది. దూరంగా ఉన్న ఒక ఊరి నుంచి ఇద్దరు విలేజర్లను పడవలో ఎక్కించుకుని నది మీదుగా తీసుకొచ్చాం. విలేజర్ పక్కన పడవ పెడితే వాడే ఎక్కి కూర్చుంటాడు. ఈ చిట్కా గుర్తుపెట్టుకోండి, కొత్త చోట ఊరు మొదలుపెట్టడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

మంచాలు వేశాం, రొట్టెలు పెట్టాం, మూడు రోజుల్లో జనం తొమ్మిది మంది అయ్యారు. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక రోజంటే 20 నిమిషాలు. అందులో పూర్తి పగలు 10 నిమిషాలు, చీకటి సుమారు 7 నిమిషాలు, మిగతాది పొద్దు పొడవడం, పొద్దు కుంకడం. ఆ ఏడు నిమిషాల్లోనే మా ఊరు పోయింది.

నదిలోంచి డ్రౌన్డ్‌లు పైకొచ్చాయి. నీళ్ళలో తిరిగే జాంబీలు ఇవి. ఇటు ఒడ్డు మీద మామూలు జాంబీలు. మేం టార్చ్‌లు ఇళ్ళ లోపల మాత్రమే పెట్టాం, బయటంతా చీకటి. చుట్టూ గోడ లేదు. తెల్లారేసరికి ఇద్దరు మిగిలారు. నార్మల్ మోడ్‌లో జాంబీ చంపిన విలేజర్ తానూ జాంబీగా మారే అవకాశం సగానికి సగం. ఈజీలో అలా మారడు, హార్డ్‌లో తప్పకుండా మారతాడు. అంటే ఊళ్ళో మన అనుకున్నవాళ్ళే పక్క ఇంటి మీద పడతారు.

మా గోల విని అమ్మమ్మ వచ్చి చూసింది. "ఏంట్రా ఇది, ఏటి ఒడ్డున పల్లంలో ఇళ్ళు కట్టారు? మెరక చూసుకోవాలి కదా ముందు" అంది. అది ఆట, నీళ్ళు పొంగవు అని చెప్పబోయాను. ఆవిడ నవ్వలేదు.

పాఠం 1: ముందు చోటు, తర్వాతే ఇల్లు

అమ్మమ్మ మాటకి వెనక చాలా ఉంది. దివిసీమ అంటే కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట ఏర్పడ్డ నేల. పులిగడ్డ దగ్గర ఆ చీలిక కనిపిస్తుంది. 1977 నవంబర్ 19న వచ్చిన తుఫాను సముద్రాన్ని ఈ పల్లపు నేల మీదకి తోసింది. ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. కోడూరు, నాగాయలంక వైపు తీర గ్రామాలు కొన్ని దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రాత్రి అమ్మమ్మ వాళ్ళు ఒక డాబా మీదకెక్కి బతికారు. ఆవిడ తమ్ముడు పశువుల్ని విప్పడానికి వెళ్ళి తిరిగి రాలేదు.

ఆటని ఆ రాత్రితో పోల్చడం లేదు. కానీ ఊరికి చోటు ఎంచుకునేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే: అపాయం ఎటు నుంచి వస్తుంది, వస్తే మనం ఎక్కడికి పోవాలి?

గేమ్‌లో దీన్ని ఇలా వాడుకోండి:

- నీటి అంచున ఇల్లు కట్టకండి. కొంచెం వెనక్కి జరిగి మెరక మీద కట్టండి.
- ఊరికి చుట్టూ రెండు బ్లాకుల ఎత్తు గోడ, లేదా ఫెన్స్ ఉండాలి. జాంబీ ఫెన్స్ దూకలేదు.
- వెలుగు లోపల ఎంత ముఖ్యమో బయట అంతకంటే ముఖ్యం. 1.18 అప్‌డేట్ తర్వాత నేల మీద జాంబీలు, అస్థిపంజరాలు లైట్ లెవెల్ 0 ఉన్న చోటే పుడతాయి. టార్చ్ దగ్గర లెవెల్ 14 ఉంటుంది, ఒక్కో బ్లాక్‌కి ఒకటి తగ్గుతుంది. కాబట్టి దారి పొడవునా 10, 12 బ్లాకులకొకటి చొప్పున పెట్టినా సరిపోతుంది.
- విలేజర్లు చెక్క తలుపులు తెరుచుకుని తిరుగుతారు. హార్డ్ మోడ్‌లో అయితే జాంబీలు వాటిని పగలగొట్టగలవు కూడా. తలుపుని నమ్ముకోకండి, గోడని నమ్ముకోండి.

రెండో ఊరు: చావలేదు, ఎదగనూ లేదు

మిగిలిన ఇద్దర్నీ తీసుకుని గుట్ట మీదకి మారాం. ఈసారి గోడ కట్టాం, టార్చ్‌లు పెట్టాం. రాత్రిళ్ళు ప్రశాంతంగా గడిచాయి. కానీ జనం పెరగలేదు. వారం రోజులు ఆడినా ఇద్దరే.

తప్పు తిండి దగ్గర జరిగింది. పొడుగ్గా పెద్ద చేను దున్ని ఒక చివర నీళ్ళు పోశాం. నీటికి దగ్గరున్న నాలుగు వరసలే తడిశాయి, మిగతాది ఎండిపోయింది. గేమ్‌లో నీరు చుట్టూ నాలుగు బ్లాకుల వరకే నేలను తడుపుతుంది. పైగా పంట చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ చేలో గెంతాం. దున్నిన నేల మీద గెంతితే అది మళ్ళీ మామూలు మట్టి అయిపోతుంది, పంట పోతుంది.

ఇంకో తప్పు ఇంకా పెద్దది. ఇనుము కోసం 200 బ్లాకుల దూరం వెళ్ళి రెండు గంటలు తవ్వి, "ఈపాటికి గోధుమ పండి ఉంటుంది" అని వచ్చాం. చేను వెళ్ళేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కారణం సిమ్యులేషన్ డిస్టెన్స్. ఫోన్ మీద భారం పడకుండా గేమ్ మన చుట్టూ కొన్ని చంక్‌లను మాత్రమే నడుపుతుంది. ఒక చంక్ అంటే 16 బ్లాకుల వెడల్పు. సెట్టింగ్ 4 అయితే మన చుట్టూ 64 బ్లాకుల దగ్గర్లో ఉన్నదే కదులుతుంది. అవతల కాలం ఆగిపోయినట్టే. పంట పెరగదు, పిల్లలు పెద్దవ్వరు.

పాఠం 2: నీళ్ళు, తిండి, మంచం. ఈ మూడూ ఉంటేనే జనం

సరైన లెక్క ఇది. 9×9 చదరం గీసి, నడిమధ్య ఒక్క బ్లాక్‌లో నీళ్ళు పోయండి. మిగిలిన 80 బ్లాకులూ తడుస్తాయి. నీళ్ళు మోయడానికి బకెట్ కావాలి, దానికి 3 ఇనుప కడ్డీలు. 2×2 గుంటలో ఎదురెదురు మూలల్లో రెండు బకెట్లు పోస్తే ఎన్నిసార్లు తోడినా తరగని బావి తయారవుతుంది.

విలేజర్లకి పిల్లలు పుట్టాలంటే ఇద్దరి దగ్గరా చాలినంత తిండి ఉండాలి: ఒక్కొక్కరికి 3 రొట్టెలు, లేదా 12 క్యారెట్లు, లేదా 12 బంగాళాదుంపలు. దాంతోపాటు పుట్టబోయే వాడికి ఖాళీగా ఇంకో మంచం ఉండాలి, మంచం పైన రెండు బ్లాకుల ఖాళీ ఉండాలి. మేం ఇద్దరికీ రెండే మంచాలు వేశాం, అందుకే వారం రోజులూ ఎదురుచూపే మిగిలింది. చేను పక్కన ఒక కంపోస్టర్ పెడితే పని లేని విలేజర్ రైతు అవుతాడు, పంట కోసి మిగతావాళ్ళకి పంచుతాడు. అక్కడి నుంచి ఊరు తనంతట తానే నడుస్తుంది.

ఇక్కడ ఆట మనకి చెప్పే ఒక అబద్ధం కూడా తెలుసుకోవాలి. మైన్‌క్రాఫ్ట్‌లో సముద్రం నీళ్ళు పోసినా గోధుమ పండుతుంది. దివిసీమలో ఆ మాట అంటే రైతులు నవ్వుతారు. ఇక్కడ చుట్టూ నీళ్ళే, కానీ పొలానికి కావాల్సింది ఉప్పు లేని నీళ్ళు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ నుంచి బయల్దేరిన కాలువ నీళ్ళు పులిగడ్డ అక్విడక్ట్ మీదుగా ఏరు దాటి ఈ దీవికి వస్తాయి. అవి రాకపోతే వరి లేదు. ఉప్పెన పోయాక కూడా పొలాల్లో ఉప్పు మిగిలిపోతుంది. ఇళ్ళు తిరిగి కట్టుకోవడం ఒక ఎత్తు, నేల తిరిగి బాగవడం ఇంకో ఎత్తు.

ఇంకో చిన్న విషయం. 2022లో వచ్చిన 1.19 అప్‌డేట్‌తో గేమ్‌లోకి మడ అడవులు వచ్చాయి. వేళ్ళు పైకి తేలిన చెట్లు, కింద బురద. మా వాడు వాటిని చూడగానే "ఇవి హంసలదీవి దారిలో ఉంటాయి కదా" అన్నాడు. నిజమే, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవులవి. గేమ్‌లో అవి కలపకి, అందానికి. ఇక్కడ అలల జోరు తగ్గించే కంచె కూడా. అందుకే వాటిని నరికితే ఊరికే నష్టం.

మూడో ఊరు: జాంబీలు కాదు, మేమే పోగొట్టాం

రెండో ఊరిని ఇలా సరిచేసుకున్నాక అది మూడో ఊరిలా కొత్తగా తయారైంది. పద్నాలుగు మంది విలేజర్లు, రెండు చేలు, లైబ్రరీ, గోడ మీద కాపలా గోపురం. 36 ఇనుప కడ్డీలతో 4 ఇనుప బ్లాకులు చేసి, పైన చెక్కిన గుమ్మడికాయ పెట్టి ఐరన్ గోలెమ్‌ని కూడా నిలబెట్టాం. రాత్రి జాంబీ వస్తే వాడే చూసుకునేవాడు.

ఒకరోజు ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయింది. పెళ్ళి వీడియోలు దిగాలి. మా వాడు గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, వీడియోలు వేరే చోటికి మార్చాక మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాడు. వరల్డ్ లేదు. మూడు వారాల ఊరు ఒక్క ట్యాప్‌తో పోయింది. వాడు ఆ పూట అన్నం తినలేదు.

ఆండ్రాయిడ్‌లో మైన్‌క్రాఫ్ట్ వరల్డ్‌లు యాప్ సొంత స్టోరేజ్‌లో ఉంటే, యాప్ తీసేసినప్పుడు అవి కూడా దాంతోపాటే పోతాయి. అకౌంట్‌లో లాగిన్ అయినంత మాత్రాన మనం ఫోన్‌లో కట్టిన వరల్డ్ తిరిగి రాదు.

పాఠం 3: ఊరికి ఇంకో ప్రతి ఉండాలి

- వరల్డ్ పేరు పక్కన పెన్సిల్ గుర్తు నొక్కి, కిందకి వెళ్తే ఎక్స్‌పోర్ట్ వరల్డ్ ఆప్షన్ ఉంటుంది. ఒకే ఫైల్‌గా సేవ్ అవుతుంది. దాన్ని డ్రైవ్‌లోనో, కంప్యూటర్‌లోనో పెట్టుకోండి. ఫోన్‌లోనే ఉంచితే బ్యాకప్ చేసినట్టు కాదు.
- పెద్ద మార్పు చేసే ముందు అక్కడే కాపీ వరల్డ్ నొక్కి ఒక ప్రతి ఉంచుకోండి.
- గేమ్ అప్‌డేట్ చేసే ముందు, ఫోన్ రీసెట్ చేసే ముందు, కొత్త ఫోన్‌కి మారే ముందు ఎక్స్‌పోర్ట్ తప్పనిసరి.
- 4 జీబీ ర్యామ్ ఫోన్ అయితే రెండర్ డిస్టెన్స్ తగ్గించండి, సిమ్యులేషన్ డిస్టెన్స్ 4 దగ్గరే ఉంచండి. చార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గుతుంది, సరిగ్గా జాంబీ వచ్చే టైమ్‌కే ఆట నత్తనడక నడుస్తుంది.

ఈ సంగతి విని అమ్మమ్మ మమ్మల్ని తిట్టలేదు. లోపలికి తీసుకెళ్ళి డాబా మీద గది చూపించింది. పొలం కాగితాలు, రేషన్ కార్డు, పాత ఫొటోలు ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. కాగితాల జిరాక్స్ ఇంకో కట్ట మా పెద్దమావయ్య ఇంట్లో విజయవాడలో ఉందట. "అప్పుడు మనుషులతోపాటు కాగితాలు కూడా పోయినయ్. ఎవరి పొలం ఎంతో చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు చాలామందికి. తమ్ముడి ఫొటో ఒక్కటి కూడా లేదు నాన్నా" అంది.

బ్యాకప్ గురించి ఇన్ని వీడియోలు చూశాను, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

నాలుగో ఊరు: ఈ వరసలో కట్టాం

1. మొదటి పగలు: చెక్క, రాయి, మూడు ఊలు బ్లాకులు, మూడు పలకలతో ఒక మంచం. రాత్రి గుట్ట మీద చిన్న గదిలో నిద్ర.
2. మెరక మీద చోటు ఎంపిక, చుట్టూ గోడ, బయట టార్చ్‌లు. అప్పటికి ఊళ్ళో ఎవరూ లేరు.
3. తరగని బావి, 9×9 చేను, కంపోస్టర్.
4. నాలుగు మంచాలు వేశాకే పడవలో ఇద్దరు విలేజర్లు.
5. ఇనుము తవ్వకం ఊరికి 64 బ్లాకుల లోపలే.
6. గోలెమ్.
7. ప్రతి ఆదివారం ఎక్స్‌పోర్ట్.

మొదటిసారి మేం ఈ జాబితాని తలకిందులుగా చేశాం. జనాన్ని ముందు తెచ్చి, గోడ గురించి తర్వాత ఆలోచించాం. మీరు ఈ వరస మార్చకుండా ఆడితే మొదటి వారంలోనే ఊరు నిలబడుతుంది.

ఇప్పుడు మా ఊళ్ళో ఇరవై రెండు మంది ఉన్నారు. మధ్యలో ఒక ఎత్తైన రాతి డాబా కట్టాం, చుట్టూ మెట్లతో. గేమ్‌లో దాని అవసరం ఏమీ లేదు. ఊరికి పేరు పెట్టమని ఫోన్ అమ్మమ్మ చేతికిస్తే, ఆవిడ కాసేపు ఆలోచించి తన తమ్ముడి పేరు చెప్పింది. దారి మొదట్లో బోర్డు మీద అదే రాశాం.

ఆ వరల్డ్ ఫైల్ ఇప్పుడు మూడు చోట్ల ఉంది. మీ వరల్డ్ ఒక్క చోటే ఉంటే, ఇవాళ ఆట మొదలుపెట్టే ముందు ఆ పని చేసేయండి. రెండు నిమిషాలే పడుతుంది.