ఇంకొక్క మ్యాచ్

‘లాస్ట్ మ్యాచ్ అమ్మా, అయిపోగానే వస్తా’ అన్న పిల్లాడు గంట తర్వాత కూడా ఫోన్ గేమ్‌లోనే ఉంటాడు. అబద్ధమాడాడని మనకు కోపం. చాలాసార్లు ఆ మాట వాడు మనస్ఫూర్తిగానే అని ఉంటాడు. కానీ ఓడిన క్షణంలో స్క్వాడ్‌లోని నేస్తాలు రా రమ్మంటుంటే ఆగడం పెద్దవాళ్లకే కష్టం. పైగా ముందూవెనకా ఆలోచింపజేసే మెదడు ముందుభాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు.

మనుషులు లాభనష్టాలు చూసి నిర్ణయాలెలా తీసుకుంటారో తెలుసుకోవడానికి అమెరికాలోని అయోవా పరిశోధకులు 1994లో ఒక పేకముక్కల పరీక్ష ప్రకటించారు. నాలుగు కట్టలు. రెండింట్లో ముక్క తీసినప్పుడల్లా పెద్ద మొత్తం వస్తుంది, మధ్యమధ్య అంతకు మించిన దెబ్బ తగులుతుంది. మిగతా రెండింట్లో వచ్చేది తక్కువే గానీ చివరికి మిగిలేది అక్కడే. చాలామంది కాసేపటికి ఈ సంగతి పసిగట్టి దారి మార్చుకుంటారు. గేమింగ్‌పై అదుపు తప్పినవాళ్లు మాత్రం నష్టపు కట్టలనే పట్టుకు వేలాడటం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. ఆటే వాళ్లనలా మార్చిందా, ఆ స్వభావమున్నవాళ్లే ఆటలో చిక్కుకున్నారా అన్నది తేలలేదు. ఫోనే పాడుచేసిందని తీర్పు చెప్పే తొందర మనకెందుకు?

కారణం ఏదైనా, ఆట వేడిలో ఆగడం కష్టం. అందుకే, నిర్ణయం ఆట మధ్యలో అడగకండి. ఫోన్ ఇవ్వకముందే తేల్చుకోండి, అదీ నిమిషాల్లో కాదు, మ్యాచ్‌ల్లో. బ్యాటిల్ రాయల్ తరహా ఆటల్లో మ్యాచ్ ఒక్కోసారి అరగంట పడుతుంది. నడుమ లాక్కుంటే వాడికి జట్టులో తలవంపులు. ‘రెండు’ అని వాడి నోటితోనే చెప్పించండి. రెండోది ముగిసే వేళకు వెళ్లి పక్కన కూర్చోండి. వంటింట్లోంచి వేసే కేక హెడ్‌ఫోన్స్ దాటి వెళ్లదు.

ఆటలో డబ్బు ఖర్చు సంగతీ ఇంతే. యూపీఐ పిన్ పిల్లలకు తెలియనివ్వకండి. ఆటలో పాత్రకు కొత్త వేషం, అదే ‘స్కిన్’, కొనాలంటే, ‘రేపు పొద్దున కూడా కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం’ అనండి. సగం కోరికలు తెల్లారేసరికి చల్లబడతాయి.

ఆడే ప్రతివాడూ రోగి కాడు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11 ప్రకారం గేమింగ్ డిజార్డర్ అంటే అదుపు తప్పడం, మిగతా పనులకన్నా ఆటే ముఖ్యమవడం, నష్టం తెలుస్తున్నా మానలేకపోవడం, మామూలుగా ఏడాదిపాటు. రోజుకిన్ని గంటలన్న లెక్క అందులో లేదు. నిద్ర, చదువు బాగా దెబ్బతింటే ఏడాది నిండేదాకా ఎదురుచూడొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి సమస్యల కోసమే ‘షట్’ క్లినిక్ ఉంది. పిల్లాడు రానని మొండికేస్తే మొదటిసారి మీరొక్కరే వాళ్లతో మాట్లాడండి. ఆ సంగతి వాడికి చెప్పే చేయండి, చాటుగా వద్దు.