నాలుగింట ఒకటి: పెళ్లికి ముందు తెలుసుకోవలసిన లెక్క

రక్తదాన శిబిరాలకు వచ్చే దాతలు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు: "మేమిచ్చిన రక్తం ఎవరికి పోతుంది?" ప్రమాద బాధితులకు, కాన్పు సమయంలో తల్లులకు పోతుంది. వీరితో పాటు, రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకుంటే తప్ప బతకలేని పిల్లలు కూడా ఉన్నారు. వారి జబ్బు పేరు తలసేమియా.

అలాంటి బిడ్డ తల్లి ఒకామె మమ్మల్ని కలిసింది. భర్త ఆమెకు సొంత ఫూఫీ కొడుకు. "భాయ్‌సాబ్, నాలుగింట ఒకరికి వస్తుందని డాక్టర్ చెప్పిండు. ఆ ఒకటి మా పెద్దోడికి వచ్చేసింది గద. ఇక పుట్టబోయే ముగ్గురికి రాదు గద?" అని ఆశగా అడిగింది. అత్తవారింట్లో మాత్రం తప్పంతా ఆమెదేనంటున్నారట. ఈ రెండు మాటలకూ జవాబు కావాలంటే నూట అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బఠానీ గింజలు చెప్పిన సంగతి

నేటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి మఠం తోటలో బఠానీ మొక్కలు పెంచి ప్రయోగాలు చేశాడు. గుండ్రని గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో సంకరం చేస్తే, మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. ముడతలు మాయమైనట్టే అనిపించింది. ఆ తరాన్ని మళ్లీ పండిస్తే 7,324 గింజల్లో 5,474 గుండ్రంగా, 1,850 ముడతలతో వచ్చాయి. అంటే దాదాపు మూడుకు ఒకటి. పోయిందనుకున్న గుణం పోలేదు, దాగి ఉంది.

మెండెల్ దీని నుంచి తీసిన సారం ఇది. ప్రతి గుణానికీ రెండు కారకాలుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. బిడ్డకు ఇచ్చేటప్పుడు తల్లిదండ్రులిద్దరూ తమ రెండింటిలో ఒక్కటే ఇస్తారు. జతలో ఒక్కటున్నా పైకి కనబడేది బహిర్గత గుణం, రెండూ అవే అయితేనే కనబడేది అంతర్గత గుణం. 1866లో అచ్చయిన ఈ పరిశోధనను లోకం 1900 దాకా పట్టించుకోలేదు. ఆ కారకాలనే ఇప్పుడు జన్యువులు అంటున్నాం.

మన ఇంటి లెక్క

రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. దాని తయారీకి కావలసిన ఒక జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది. జతలో ఒకటి చెడి, ఒకటి మంచిదైతే ఆ మనిషి 'వాహకుడు'. అతడు అందరిలాగే ఉంటాడు, పని చేసుకుంటాడు. మహా అయితే రక్తం కాస్త తక్కువ ఉందంటారు, ఐరన్ మాత్రలు వాడినా అది పెరగదు. రెండూ చెడితేనే తీవ్రమైన తలసేమియా.

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ నాలుగు అవకాశాలుంటాయి. ఒకటి పూర్తి ఆరోగ్యం, రెండు తల్లిదండ్రుల్లాగే వాహకులు, ఒకటి జబ్బు. ఇది పంచి పెట్టే వాటా కాదు, నాణెం ఎగరేయడం లాంటిది. మొదటిసారి బొమ్మ పడిందని రెండోసారి బొరుసే పడాలని లేదు. కాబట్టి ఆ తల్లికి మేం చెప్పక తప్పని మాట ఇదే: "అమ్మా, ప్రతి బిడ్డకూ ఆ నాలుగింట ఒకటి మళ్లీ కొత్తగా మొదలవుతుంది." అత్తవారికి చెప్పవలసింది మరొకటుంది: చెడిన జన్యువు ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు. తల్లి ఒక్కదాని మీద నింద వేయడానికి శాస్త్రంలో చోటే లేదు.

దగ్గరి సంబంధం సంగతేమిటి? మన దేశంలో సుమారు నూటికి ముగ్గురు నలుగురు ఈ వాహకులు. అంటే బయటి సంబంధంలో అవతలి వారు కూడా వాహకులయ్యే అవకాశం ముప్పైలో ఒకటి. అబ్బాయి వాహకుడై, అమ్మాయి అతని సొంత మామ కూతురో చాచా కూతురో అయితే, తాతల నుంచి అదే జన్యువు ఆమెకూ వచ్చి ఉండే అవకాశం కనీసం ఎనిమిదింట ఒకటి. ధర్మం ఈ సంబంధాలను అనుమతించింది, తప్పనిసరి చేయలేదు. మేనరికం ఒక్క మతం వారి అలవాటు కూడా కాదు, మన పక్కింటి హిందూ కుటుంబాల్లోనూ ఉన్నదే.

కుటుంబంలో కనిపించేదంతా వారసత్వం కాదు

ఇక్కడ నల్లగొండ వాళ్లకు ఒక మాట. మర్రిగూడ, మునుగోడు వైపు ఒకే ఇంట్లో తాత, తండ్రి, కొడుకు వంకర కాళ్లతో, గార పళ్లతో కనిపించేవారు. అది వంశ దోషం కాదు, బోరు నీటిలోని ఫ్లోరైడ్. ఒకే బావి నీళ్లు తాగారు కాబట్టి ఒకే జబ్బు వచ్చింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే వచ్చింది. నీళ్లు మారిస్తే ఫ్లోరోసిస్ ఆగుతుంది. తలసేమియాకు నీళ్లు మార్చి లాభం లేదు, పెళ్లికి ముందే పరీక్ష కావాలి. జబ్బు కారణం తెలిస్తేనే మందు తెలుస్తుంది.

చేయగలిగినది

ఇరాన్ 1997 నుంచి, సౌదీ అరేబియా 2004 నుంచి పెళ్లికి ముందు ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి. సౌదీలో ఫలితం చూశాక పెళ్లి నిర్ణయం జంటదే. పాలమూరు నుంచి గల్ఫ్‌కు వెళ్లి పని చేసొచ్చిన మన సోదరులకు ఈ సంగతి చెప్తే వెంటనే అర్థమవుతుంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు, అందుకే పెద్దలు పూనుకోవాలి. మొదట మామూలు రక్త పరీక్ష, అందులో అనుమానం ఉంటే హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. ఒకరు వాహకులు కాకపోతే బిడ్డకు తీవ్రమైన తలసేమియా రాదు, నిశ్చింతగా నికాహ్ చేసుకోవచ్చు. ఇద్దరూ వాహకులని పెళ్లి తర్వాత తెలిస్తే, గర్భం తొలి నెలల్లోనే నిమ్స్ వంటి చోట జన్యు సలహా తీసుకోవాలి. హైదరాబాద్‌లో 1998 నుంచి తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ పిల్లల కోసమే పనిచేస్తోంది.

దాతలను మేం కోరేది మూడు. ఏడాదికి రెండుసార్లయినా రక్తం ఇవ్వండి, వేసవిలో, రంజాన్‌లో శిబిరాలు తగ్గినా ఈ పిల్లల అవసరం తగ్గదు. పేద ఇళ్లలో పెళ్లి ఖర్చుకు సాయం చేసేటప్పుడు పరీక్ష ఖర్చు కూడా అందులో కలపండి. మీ ఇంట్లో సంబంధం ఖాయం చేసే ముందు, కట్నకానుకల మాట పక్కన పెట్టి, ఈ ఒక్క కాగితం అడగండి.

ఆ తల్లి వెళ్లేటప్పుడు తన చెల్లెలికి సంబంధం చూస్తున్నారని చెప్పింది. పరీక్ష ఎక్కడ చేస్తారో రాసిమ్మంది. రాసిచ్చాం.