అల్లరి కాదు, అవిధేయతయు కాదు

పదుమూడేండ్ల బాలుడొకడు బడిలో మాటిమాటికి కనురెప్పలు టపటప కొట్టుచుండును, మెడ విదల్చును, భుజమెగురవేయును. పాఠము జరుగుచుండగా గొంతు సవరించును, ఒక్కొక్కప్పుడు చిన్న కేక వేయును. ఉపాధ్యాయుడు దండించును. తోటివారు వెక్కిరింతురు. ఇంటిలో దిష్టి తీయుదురు. తుదకా బాలుడు బడికి పోనని మూల కూర్చుండును. ఇట్టి బాలుడు మీ గ్రామముననే ఉండవచ్చును. కావున పంచాయతీ సభ్యులకు ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

దీనిని టూరెట్ సిండ్రోమ్ అందురు. 1885లో జార్జ్ జిల్ ద లా టూరెట్ అను ఫ్రెంచి వైద్యుడు తొమ్మండుగురు రోగులను గూర్చి వ్రాసెను. ఆయన పేరే దీనికి నిలిచినది. కదలికలను అదుపుచేయు మెదడు భాగముల పనిలో తేడా వలన ఇది కలుగును. తరచు వంశమున వచ్చును. ఇది గాలి చేష్ట కాదు, అంటువ్యాధి కాదు, పెంపకపు లోపమును కాదు. బాలుని తెలివికి దీనివలన లోటు రాదు.

సాధారణముగా ఇది అయిదారేండ్ల ప్రాయమున మొదలై, పది పండ్రెండేండ్లకు ఉద్ధృతమై, యౌవనమున పెక్కురకు తగ్గుముఖము పట్టును. పలువిధములైన కదలికలును, ఒక కంఠధ్వనియైనను ఏడాదికి మించి యున్నచో వైద్యుడు దీనిని నిర్ధారించును. ఇందుకు రక్తపరీక్ష లేదు.

“ఆపుకొనరాదా?” అని పెద్దలడుగుదురు. తుమ్మును క్షణకాలము ఆపగలము గాని ఎల్లకాలము ఆపగలమా? ఇదియు నట్టిదే. గద్దించిన కొలది హెచ్చును.

వ్యాధి పేరు వినగానే ఎదుగు పిల్లలకు భయము కలుగుట సహజము. కాని ఇన్నాళ్లు ‘నేను చెడ్డవాడను’ అని కుమిలినవాడు ‘ఇది నా తప్పు కాదు’ అని గ్రహించుటకు ఆ పేరే ఆధారమగును. ఒప్పుకొనుట ఓడిపోవుట కాదు. బాల్యముననే ఈ వ్యాధి నిర్ధారణయైన టిమ్ హోవర్డ్ 2014 ప్రపంచ కప్పులో అమెరికా ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరుగా నిలిచెను.

కదలికకు ముందు కలుగు గుంజుడును గుర్తించి, బదులుగా వేరొక కదలిక చేయు అభ్యాసము వలన చాలమందికి మేలు కలుగును. అవసరమైనచో మందులును కలవు.

ఇక పంచాయతీ చేయదగిన పనులు:

1. బడిలో పిల్లలను కొట్టుట, మానసికముగా వేధించుట 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఈ సంగతి ఉపాధ్యాయులతో మాటలాడవలెను.

2. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని ద్వారా బాలుని నరముల వైద్యునికిగాని, మానసిక వైద్యునికిగాని చూపించవలెను. కుమిలిపోవు పిల్లలకును తల్లిదండ్రులకును టెలీ మానస్ 14416 అను ఉచిత నెంబరున సలహా లభించును.

3. తోటి పిల్లలకు నిజము తెలుపవలెను. అయితే ముందుగా ఆ బాలుని సమ్మతి పొందవలెను.

రచ్చబండ కడ నవ్వు వినబడినప్పుడు ఒక సభ్యుడు “నాయనలారా, వాడు కావలెనని చేయుట లేదు” అని చెప్పిన చాలును. ఆ బాలుడు మరల పుస్తకముల సంచి భుజమున వేసికొనుటకు ఆ ఒక్క మాటయే తోడుపడవచ్చును.