మూడు రీడింగులూ ఒకటేనా?

ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసిన వాళ్లకి బ్యూరెట్ గుర్తుండే ఉంటుంది. మొదటి రీడింగు 20.5 రాగానే, మిగతా రెండూ 20.5 అని రాసేసి బయటపడ్డ వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇక్కడ సిడ్నీలో పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి మొన్న టైట్రేషన్ రిపోర్టు రాస్తోంది. కొట్లో కొన్న వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఎంతుందో తేల్చాలి. సీసా మీద 4 శాతం అని ఉంది. ఆస్ట్రేలియా ఆహార ప్రమాణాల ప్రకారం కిలో వెనిగర్‌లో కనీసం 40 గ్రాములు ఉండాలి. అంటే కొలతలో కాస్త తేడా వచ్చినా తీర్పు తారుమారు అవుతుందన్నమాట.

పద్ధతి మనకు తెలిసిందే. 25 మి.లీ. వెనిగర్‌ని నీళ్లతో 250 మి.లీ. చేశారు. అందులోంచి పిపెట్‌తో 25 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, రెండు చుక్కలు ఫినాల్ఫ్తలీన్ వేశారు. బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్. ఇది గాలిలో తేమనీ, కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుంటుంది కనుక, తూకాన్ని నమ్మకుండా ముందే స్టాండర్డైజ్ చేసుకున్నారు: 0.0998 మోలార్. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే ఆపాలి.

రీడింగులు: 17.60 (రఫ్), 17.05, 17.35, 17.10, 17.05.

"ఆ 17.35 చెరిపేయరాదూ?" అన్నాను.

"ఎలా నాన్నా? అది వచ్చింది కదా! చివర్లో చుక్కలుగా వదలాల్సింది ధారగా వదిలేశాను, రంగు ముదిరిపోయింది. ఆ కారణం రాసి, సగటులోంచి తీసేస్తాను. పట్టికలో మాత్రం ఉంటుంది."

0.10 మి.లీ. లోపు కలిసిన మూడింటి సగటు 17.07. దీన్ని 0.0998తో గుణించి 25తో భాగిస్తే 0.0681 మోలార్. పదింతలు చేసి, 60.05తో గుణిస్తే లీటరుకు 40.9 గ్రాములు. కాలిక్యులేటర్ 40.9201 అని చూపిస్తుంది గానీ, క్షారం గాఢత మూడంకెల వరకే తెలుసు కాబట్టి జవాబూ మూడంకెలే. లీటరు వెనిగర్ కిలో కంటే కాస్తే ఎక్కువ తూగుతుంది. కనుక సరుకు గట్టెక్కింది, బొటాబొటిగా.

ఇక అసలు సంగతి. బ్యూరెట్‌ని నీళ్లతో మాత్రమే కడిగి నింపితే క్షారం పలచబడి, ఆమ్లం ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. తడి పిపెట్ వాడితే తక్కువ ఉన్నట్టు వస్తుంది. అందుకే ఆ రెంటినీ వాటిలో పోసే ద్రావణంతోనే తొలపాలి. ఫ్లాస్కుకి మాత్రం డిస్టిల్డ్ వాటర్ చాలు. నీళ్లు కలిసినా అందులోని ఆమ్లం పెరగదు, తరగదు. ఇలాంటి తప్పు జరిగినప్పుడు కూడా మూడు రీడింగులూ చక్కగా కలుస్తాయి!

మన టెస్టింగ్‌లోనూ ఇంతే. తప్పు డేటాతో టెస్టు మూడుసార్లు నడిపితే మూడుసార్లూ పాసవుతుంది. రీడింగులు కలిశాయంటే చెయ్యి నిలకడగా ఉందని అర్థం. జవాబు సరైనదని కాదు. ఆ తేడా పట్టుకోవాలంటే జరిగిందంతా రాసి ఉండాలి. నా పాత రికార్డు పుస్తకంలో అదే లేదు.