ఇంటిల్లిపాది అచ్చొత్తించిన నవల

క్రిస్టఫర్ పావొలీనీ 1983లో జన్మించెను. అమెరికాలోని మోంటానా రాష్ట్రమున పెరిగెను. అతనికి ఇల్లే బడి, తల్లియే గురువు. మంటలు గ్రక్కు డ్రాగనుల కథలన్న నతనికి ప్రాణము.

పదునైదవ యేట హైస్కూలు చదువు ముగించి, అట్టి కథ నొకదానిని తానే వ్రాయ బూనెను. చిత్తుప్రతికి ఒక యేడు పట్టెను. చదువుకొనగా తనకే తృప్తి కలుగలేదు. మరియొక యేడు శ్రమించి తిరుగ వ్రాసెను. తలిదండ్రులు దానిని చదివి, 2002లో 'ఎరగాన్' అను పేర తామే యచ్చొత్తించిరి. ముఖచిత్రమును క్రిస్టఫరే గీసెను. మధ్యయుగపు వేషము ధరించి, నూటికి పైగా పాఠశాలలకు, గ్రంథాలయములకు తిరిగి ప్రసంగించెను. మరి రెండు మూడు నెలలు లాభము రాకున్నచో ఆ కుటుంబము ఇల్లమ్ముకొనవలసి యుండెడిది.

ఇంతలో కార్ల్ హయాసెన్ అను రచయితయొక్క సవతి కుమారుడు దానిని చదివి మెచ్చెను. హయాసెన్ ఆ సంగతిని నాఫ్ అను ప్రచురణ సంస్థకు తెలిపెను. 2003లో ఆ సంస్థ నవలను ప్రకటింపగా, అది దేశదేశముల చదువరులకు చేరెను.

బాలలారా! కోరి చదివినవాడు కథ నెఱుగును. ఓర్పుతో తిరుగ వ్రాసినవాడే రచయిత యగును.