గల్లా నిండితే లాభమేనా?



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. సంతకం పెడుతున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. కూడికలు, తీసివేతలు చేస్తున్నారు. ఇప్పుడు ఆ లెక్కలను మన బతుకుదెరువుకు వాడుకుందాం.

మనలో చాలామంది చిన్న చిన్న వ్యాపారాలు చేస్తున్నారు. ఒకరు కూరగాయలు అమ్ముతారు. ఒకరు పాలు పోస్తారు. ఒకరు కుట్టుమిషన్ పెట్టుకున్నారు. ఒకరు కిరాణం నడుపుతారు. మరి ఆ వ్యాపారం ముందుకు పోతున్నదా? వెనక్కి పోతున్నదా? ఎట్లా తెలుసుకోవాలి?

దీనికోసం ఒక అక్క కథ చెప్పుకుందాం. ఇది లెక్క నేర్చుకోవడానికి రాసుకున్న కథ. ధరలు కూడా లెక్క కోసం అనుకున్నవే. కానీ ఇట్లాంటి అక్కలు మన ఊళ్లల్లో చాలామంది ఉన్నారు.

రొట్టెలక్క బాధ

ఆమె వనపర్తిలో జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. అందరూ ఆమెను రొట్టెలక్క అని పిలుస్తారు. సంఘం నుంచి 20,000 రూపాయలు అప్పు తీసుకుంది. పెద్ద పెనం, పొయ్యి, బల్ల కొన్నది. రోజుకు 60 రొట్టెలు చేస్తుంది. సాయంత్రం ఆమె బల్ల చుట్టూ జనమే.

ఒకరోజు రాత్రి బడికి వచ్చి దిగులుగా కూర్చున్నది.

"ఏమైందక్కా?" అని అడిగాను.

"ఏం జెప్పాలె పంతులమ్మా! గిరాకి మంచిగనే ఉన్నది. దినాం గల్లా నిండుతది. నెలాఖరుకు చూస్తే ఖాళీ. పిండికి మళ్లా అప్పు చెయ్యాల్సి వస్తున్నది. ఇంటాయన బంద్ పెట్టుమంటున్నడు. నాకైతే ఏం సమజైతలేదు."

"గల్లా పైసలు ఎక్కడెక్కడ ఖర్చు పెడుతున్నవు?"

"పిల్లగాని ఫీజుకు ఇస్త. అత్తమ్మ మందులకు ఇస్త. చిట్టి కడత. పిండి తెస్త. అన్నీ దాంట్లకెల్లే."

అక్కడే చిక్కు ఉన్నది. ఇంటి పైసలు, వ్యాపారం పైసలు కలిసిపోయాయి. నీళ్లలో పాలు కలిసినాక ఏది ఎంతో చెప్పలేం.

మొదటి పని: రెండు డబ్బాలు

రొట్టెలక్క రెండు డబ్బాలు పెట్టుకున్నది. ఒకటి ఇంటి డబ్బా. ఒకటి వ్యాపారం డబ్బా. రొట్టెలు అమ్మిన పైసలు వ్యాపారం డబ్బాలోనే వేస్తుంది. ఇంటికి పైసలు కావాలంటే తీస్తుంది. కానీ తీసింది నోటుబుక్కులో రాస్తుంది. ఇంట్లో వాళ్లు రొట్టెలు తిన్నా రాస్తుంది.

ఒక నెల అట్లా రాసింది. 25 రోజులు వ్యాపారం చేసింది. నెలాఖరుకు ఇద్దరం కూర్చొని లెక్క చూశాం.

రెండో పని: ఖర్చు అంతా రాయాలి

25 రోజుల్లో 1,500 రొట్టెలు చేసింది. వాటికి అయిన ఖర్చు ఇది.

జొన్నపిండి 125 కిలోలు, కిలో 60 చొప్పున: 7,500
కట్టెలు: 2,000
ఆటో: 1,000
కాగితాలు, కవర్లు: 500
తైబజారు: 500
సంఘం అప్పుకు మిత్తి: 200
పెనం, పొయ్యి తరుగు: 300
మొత్తం: 12,000 రూపాయలు

"తరుగు ఏంది పంతులమ్మా? పెనం మీద నేను ఈ నెల పైసలు పెట్టలేదు గదా!" అన్నది అక్క.

పెనం ఎప్పటికీ ఉండదు. ఎప్పుడో ఒకనాడు పగులుతుంది. ఆనాడు కొత్తది కొనాలి. అందుకని నెలనెలా కొంత పక్కన పెట్టాలి. అది కూడా ఖర్చే. దీన్ని మరిచిపోతే, పెనం పగిలిన నాడు మళ్లా అప్పు చెయ్యాల్సి వస్తుంది.

ఇప్పుడు 12,000 ను 1,500 తో భాగించాం. 8 వచ్చింది. అంటే ఒక్క రొట్టెకు 8 రూపాయల ఖర్చు. అక్క 15 రూపాయలకు అమ్ముతుంది.

"అయితే రొట్టెకు 7 రూపాయలు లాభమే!" అని నవ్వింది.

ఆగక్కా, లెక్క ఇంకా అయిపోలేదు.

మూడో పని: మన కష్టానికి ధర కట్టాలి

రొట్టెలక్క పొద్దున పిండి తెస్తుంది. మధ్యాహ్నం నుంచి పొయ్యి ముందు కూర్చుంటుంది. చీకటి పడే దాకా అమ్ముతుంది. అదే కూలికి పోతే రోజుకు 300 రూపాయలు వస్తాయి అనుకుందాం. 25 రోజులకు 7,500 రూపాయలు. 1,500 రొట్టెలకు పంచితే, ఒక్క రొట్టెకు 5 రూపాయలు.

ఖర్చు 8, కూలి 5. మొత్తం 13. అమ్మేది 15. అంటే రొట్టెకు మిగిలేది 7 కాదు, 2 రూపాయలే.

ఆడవాళ్ల కష్టాన్ని చాలామంది లెక్కలో రాయరు. గద్వాల చీరను చూడండి. ఒళ్లంతా నూలు. అంచు, కొంగు పట్టు. ఆ చీరకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దేశమంతా పేరున్నది. మగ్గం మీద కూర్చున్న మనిషి అందరికీ కనపడతాడు. ఇంట్లో కండెలు చుట్టే ఆడమనిషి ఎవరికి కనపడుతుంది? ఆమె కూలి కలపకుండా చీర ధర కడితే, అది లాభం కాదు. ఆమె కష్టాన్ని ఊరికే ఇచ్చినట్టు.

వ్యాపారంలో ముందు మన కూలి గిట్టాలి. ఆపైన మిగిలిందే అసలు లాభం.

నాలుగో పని: ఉద్దెర చూడాలి

1,500 రొట్టెలు చేస్తే 1,400 అమ్ముడుపోయాయి. 100 మిగిలిపోయాయి. 1,400 రొట్టెలకు 15 చొప్పున 21,000 రూపాయలు రావాలి. కానీ చేతికి వచ్చింది 18,600. మిగిలిన 2,400 ఉద్దెర.

ఉద్దెర వసూలైతే ఇట్లా ఉంటుంది.

అమ్మకం: 21,000
ఖర్చు: 12,000
మిగిలింది: 9,000
అందులో అక్క కూలి: 7,500
అసలు లాభం: 1,500

ఉద్దెర వసూలు కాకపోతే ఇట్లా ఉంటుంది.

వచ్చింది: 18,600
ఖర్చు: 12,000
మిగిలింది: 6,600
అక్క కూలికే 900 తక్కువ

చూశారా! అదే పొయ్యి. అవే రొట్టెలు. అదే గిరాకి. ఉద్దెర వస్తే వ్యాపారం నిలబడుతుంది. రాకపోతే కూలికి పోయిందే నయం అనిపిస్తుంది.

అక్క చాలాసేపు నోటుబుక్కు వైపే చూసింది. తర్వాత మెల్లగా అన్నది: "ఇన్నొద్దులు నా చెయ్యి మంచిది కాదనుకున్న పంతులమ్మా. చెయ్యి మంచిదే. ఉద్దెరే మంచిది కాదు."

తెల్లారి నుంచి రెండు మార్పులు చేసింది. పాత బాకీ ఇచ్చినాకనే కొత్త ఉద్దెర అన్నది. ఇద్దరు అలిగి పోయారు. మిగిలినవాళ్లు పైసలు ఇచ్చారు. రెండో మార్పు, ఏ రోజు ఎన్ని రొట్టెలు మిగులుతున్నాయో రాసింది. మిగిలే రోజుల్లో పిండి తక్కువ కలిపింది. సగటున రోజుకు 56 రొట్టెలే అమ్ముడుపోతుంటే, 60 చేయడం ఎందుకు?

ఒక్క నెల చూసి తీర్పు చెప్పొద్దు

వ్యాపారానికి మంచి నెలలు ఉంటాయి, చెడ్డ నెలలు ఉంటాయి. కొల్లాపూర్ మామిడిపండ్లు వేసవిలోనే వస్తాయి. అలంపూర్‌లో శివరాత్రికి జనం నిండుతారు. ఆ నెల అమ్మకం చూసి సంబరపడి పెద్ద అప్పు చేయొద్దు. వానలు పడ్డ నెల అమ్మకం చూసి దుకాణం మూయొద్దు. కనీసం మూడు నెలల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఏడాది లెక్క ఉంటే ఇంకా మంచిది.

దీనికి ఒక నిజమైన కథ ఉన్నది. 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు ఒక మేడ మీద కూర్చున్నారు. 80 రూపాయలు అప్పు తెచ్చి పాపడాలు చేశారు. మొదటిరోజు అయినవి నాలుగు ప్యాకెట్లు. నష్టం వచ్చినా సరే, ఎవరి దగ్గరా దానం తీసుకోవద్దని నిర్ణయం చేసుకున్నారు. మొదటి నుంచీ లెక్కలు సరిగా రాశారు.

మొదటి ఏడాది వానలు వచ్చాయి. పాపడాలు ఎండలేదు. నాలుగు నెలలు పని ఆగింది. వాళ్లు మా వ్యాపారం పోయింది అనుకోలేదు. ఎందుకు ఆగిందో ఆలోచించారు. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద పాపడాలు పరిచారు. కింద పొయ్యి పెట్టి ఆరబెట్టారు. వానలోనూ పని నడిచింది.

మొదటి ఏడాది వాళ్ల అమ్మకం 6,196 రూపాయలు. అదే ఇప్పటి లిజ్జత్ పాపడ్. ఇప్పుడు అందులో 45 వేలకు పైగా ఆడవాళ్లు పనిచేస్తున్నారు. మొదలుపెట్టిన ఏడుగురిలో ఒకరైన జస్వంతిబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు.

అప్పు ఆదాయం కాదు

చేతికి అప్పు పైసలు వస్తే వ్యాపారం పెరిగినట్టు అనిపిస్తుంది. అది నిజం కాదు. అప్పు తిరిగి కట్టాల్సిన సొమ్ము.

రొట్టెలక్కకు 1,500 లాభం వస్తే, అందులోంచి 1,000 అసలు కింద కడుతుంది. 500 దాచుకుంటుంది. కిస్తు లాభంలోంచి కడుతున్నది కాబట్టి ఆమె బండి దారిలోనే ఉన్నట్టు. కిస్తు కట్టడానికి ఇంకోచోట అప్పు చేస్తే, బండి దారి తప్పినట్టు.

ఇది మన రాష్ట్రం చూసిన కష్టమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ కంపెనీలు ఒకే ఇంటికి రెండు మూడు అప్పులు ఇచ్చాయి. వారం వారం కిస్తు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలను అదుపు చేయడానికి ఆర్డినెన్సు తెచ్చింది.

మన మహిళా సంఘాలకు ఐదు సూత్రాలు ఉన్నాయి. క్రమంగా సమావేశం కావాలి. క్రమంగా పొదుపు చేయాలి. క్రమంగా లోపలి అప్పులు ఇచ్చుకోవాలి. క్రమంగా తిరిగి కట్టాలి. పుస్తకాలు సరిగా రాయాలి. సంఘానికి పుస్తకం ఉన్నట్టే, మన వ్యాపారానికీ ఒక పుస్తకం ఉండాలి.

మీ వ్యాపారాన్ని మీరే పరీక్షించండి

నెలకు ఒకసారి ఈ ఏడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇంటి పైసలు, వ్యాపారం పైసలు వేరుగా ఉన్నాయా?
2. అన్ని ఖర్చులు, తరుగుతో సహా, రాశానా?
3. నా కూలి నాకు గిట్టిందా?
4. ఉద్దెర పోయిన నెల కంటే తగ్గిందా, పెరిగిందా?
5. సరుకు సొంత పైసలతో తెస్తున్నానా, కొత్త అప్పుతో తెస్తున్నానా?
6. ఒకసారి కొన్నవాళ్లు మళ్లా వస్తున్నారా?
7. ఒక్క మనిషే ఎక్కువ సరుకు కొంటున్నాడా? అతను మానేస్తే నా గతి ఏమిటి?

వీటిలో ఎక్కువ వాటికి మంచి జవాబు వస్తే, దారి బాగున్నట్టు. రానివి ఏవో గుర్తు పెట్టుకొని వాటిని సరిచేసుకోవాలి. మూడు నెలలు సరిచేసినా కూలి గిట్టకపోతే, ధర మార్చాలి. లేదా పని మార్చాలి. పని మార్చడం సిగ్గుపడే ముచ్చట కాదు. లెక్క చూడకుండా అప్పుల్లో మునగడమే ప్రమాదం.

రొట్టెలక్క ఇప్పుడు రోజూ రాత్రి పొయ్యి ఆర్పినాక నోటుబుక్కు తీస్తుంది. "బంద్ పెట్టు" అన్న ఇంటాయనకు ఆ పుస్తకమే చూపించింది. ఆయన రెండుసార్లు కూడి చూశాడు. తర్వాత బంద్ మాట ఎత్తలేదు. ఉద్దెర వసూలుకు తనే పోతున్నాడు.

కొత్త మాటలు

పెట్టుబడి: వ్యాపారం మొదలుపెట్టడానికి, నడపడానికి పెట్టే సొమ్ము
తరుగు: వాడినకొద్దీ వస్తువు విలువ తగ్గడం
ఉద్దెర: పైసలు తర్వాత ఇస్తామని సరుకు తీసుకోవడం
మిత్తి: అప్పు మీద కట్టే వడ్డీ

లెక్క చేయండి

1. జొన్నపిండి కిలోకు 12 రూపాయలు పెరిగింది. ఒక కిలోకు 12 రొట్టెలు అవుతాయి. ఒక్క రొట్టెకు ఖర్చు ఎంత పెరిగింది? రొట్టెకు 2 రూపాయల లాభంలో ఇంకా ఎంత మిగులుతుంది?
2. 2,400 రూపాయల ఉద్దెర అంటే ఎన్ని రొట్టెలు ఊరికే పోయినట్టు?

మాట్లాడుకోండి

మీ సంఘంలో వ్యాపారం చేసే ఒక అక్కతో కూర్చోండి. ఆమె నెల ఖర్చులు అందరూ కలిసి రాయండి. ఆమె కూలి కూడా కలపండి. ఉద్దెర అడగడానికి మనం ఎందుకు మొహమాట పడతాం? ఆ మొహమాటం నెలకు ఎన్ని రూపాయలు తింటున్నది?

జవాబు నోటుబుక్కులో రాసి, వచ్చే తరగతికి తెండి.